స్కార్‌వెల్ సొరంగంలో చాపిన చెయ్యి

స్కార్‌వెల్ సొరంగం మంచిది కాదని మా ఊళ్ళో అందరూ అనేవాళ్ళే. బ్రాంచి లైను మూసేసి, పట్టాలు కూడా పీక్కుపోయి ఏళ్ళు గడిచాయి. అయినా లోపలికి వెళ్తే చీకట్లోంచి ఓ చెయ్యి ముందుకొచ్చి టోకెన్ అడుగుతుందట... ఆ లైను మీది మా ఊరి స్టేషన్లోనే మూటలు మోసినవాణ్ణి, నేనెప్పుడూ నమ్మలేదు.

టోకెన్ అంటే ఇత్తడి పట్టీ వేసిన మూరెడు కర్ర. ఒంటి లైను కదా — అది డ్రైవరు చేతికి అందితేనే బండి సొరంగంలోకి కదలాలి. ఆఖరి బండి నడవాల్సిన రోజున ఆ కర్ర మాయమై, బండి కదలనేలేదు. సిగ్నల్ క్యాబిన్ చూసే ఈనక్ త్వెయిట్‌కి దొంగతనం అంటగట్టారు. జీవితమంతా నౌకరీ చేస్తే ఆయనకి చివరికి దక్కింది ఆ పేరు. చర్చిలో కూడా ఆయన పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

ఇక లయనెల్ ప్రూయెట్. ఏనాడూ బొగ్గు పార పట్టని మనిషి! పాత ఇంజన్ల పలకలూ దీపాలూ ఇంట్లో పోగేసి, దొరికినవాడికల్లా రైళ్ళ చరిత్ర దంచేవాడు. అదీ చాలక ఆ చలికాలం, టూరిస్టులకి దెయ్యాన్ని చూపిస్తానని బయల్దేరాడు. సిగ్గులేని జన్మ. పైగా చంకలో ఓ టోకెన్ కర్ర — "లండన్లో కొన్నాను" అని కోతలు.

వాడి వేషాలు చూసి నవ్వుకుందామని ఊళ్ళోవాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. అప్పుడే చీకటి పడుతోంది.

"భయపడేవాళ్ళు ఇక్కడే ఆగండి," అని లయనెల్ ఒక్కడే లోపలికి నడిచాడు. లాంతరు వెలుగు చిన్నదవుతూ... చిన్నదవుతూ... ఆరిపోయింది.

లోపల నీళ్ళ చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఉన్నట్టుండి ఒక కేక! టోపీ లేదు, లాంతరు లేదు, కర్ర లేదు — పరిగెత్తుకొచ్చి బురదలో పడ్డాడు లయనెల్.

"చెయ్యి... చెయ్యి చాపాడు! ఇచ్చేశానండీ! ఆ రోజు కొట్టేసింది నేనే... ఈనక్ కాదు, నేనే!"

పాస్టర్ గారి భార్యతో సహా అందరూ విన్నారు. నాకు మాత్రం నవ్వాగలేదు. ముసలి ఈనక్ వాణ్ణి భలే ఆడించాడు! తిన్నగా ఆయన ఇంటికెళ్ళాను.

"ఏమయ్యా ఈనక్, చీకట్లో బాగానే నటించావే!"

ఈనక్ మంచం మీద ఉన్నాడు. కుడికాలికి తొడదాకా సిమెంటు కట్టు.

"వారం కిందట మెట్ల మీంచి పడ్డాను," అన్నాడు. "ఎవరు నటించింది?"

నా నవ్వు ఆగిపోయింది. జరిగింది చెప్పాను. ఆయన కళ్ళు తడయ్యాయి.

"అందరూ విన్నారా?"

"అందరూ విన్నారయ్యా."

దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత గుసగుసగా, "మరి... కర్ర?"

"ఆ చేతిలోనే పెట్టొచ్చాట్ట, వెధవ."

ఈనక్ కిటికీ వైపు తిరిగాడు.

"అయితే లైన్ క్లియర్ ఇచ్చేసినట్టే. ఇక బండి వదులుతారు."

సొరంగం వైపు నుంచి ఇంజన్ కూత వినిపించింది.