పాటలోని అమ్మ

బ్రిన్ మెట్లు దిగి వంటింట్లోకి వచ్చేసరికి అర్లీన్ చేతిలోని అట్లకాడ జారి కిందపడింది. పెనం మీద పాన్‌కేక్ మాడుతున్నా ఆమెకు స్పృహ లేదు. పదిహేడేళ్ల కూతురు తల ఒక పక్కంతా నున్నగా గొరిగించుకుంది. రెండో పక్క జుట్టుకు నీలం రంగు వేసుకుంది. ముంజేతి మీద ఇంకా ఎర్రగా వాచి ఉన్న పచ్చబొట్టు... "తలుపు తియ్యమ్మా"!

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ మాట తెలియనివాళ్ళు లేరు. ఊళ్ళేమిటి, దేశమంతా పాడుకుంటున్న పాట అది. గాయకుడు కేడ్ హాలరన్ కట్టిన పాట. తనను దేవుడిగా కొలిచి, తన కోసం మంచు తుఫానులో బయలుదేరి చచ్చిపోయిన ఒక కుర్రవాడి పాట. ఆ కుర్రవాడు ఇంకెవరో కాదు... అర్లీన్ కడుపున పుట్టిన కోరీ!

"ఎందుకు చేశావే ఈ పని? అచ్చం వాడిలాగే... వాడూ ఇలాగే గొరిగించుకుని వచ్చి ఇక్కడే నించున్నాడు!"

"నాకు తెలుసు. అందుకే చేశాను."

"ఆ పాట నన్నేమంటుందో తెలిసే వేయించుకున్నావా?"

"తెలుసమ్మా! అన్నయ్య ఆ పాటలోనే బతికున్నాడు! ఈ ఇంట్లో ఎక్కడున్నాడు? ఫోటోలన్నీ తీసేశావు. వాడి పేరెత్తితే లేచి వెళ్ళిపోతావు. నాలుగేళ్ళయింది, ఒక్కసారి... ఒక్కసారైనా నా ముందు ఏడ్చావా?"

అర్లీన్ పొయ్యి ఆర్పి కుర్చీలో కూలబడిపోయింది.

ఏం చెబుతుంది? కోరీకి పందొమ్మిదేళ్ళప్పుడు మొదలైంది ఆ పిచ్చి. తండ్రి ఇల్లొదిలి పోయిన ఏడాది. ముందు గోడల నిండా కేడ్ బొమ్మలు. తర్వాత ఉద్యోగాలు మానేసి ఊరూరా కచేరీల వెంట తిరగడం. ఆ తర్వాత రోజూ కేడ్‌కు సందేశాలు... వందలకొద్దీ! ఒక్కదానికీ జవాబు రాలేదు. రాకపోయేకొద్దీ వీడి నమ్మకం పెరిగింది. "ఆయన నన్ను పరీక్షిస్తున్నాడమ్మా" అనేవాడు కళ్ళు మెరుస్తూ. ఆయన జాలిపడాలని కాబోలు, మా అమ్మ నన్ను కొడుతుంది, గదిలో పెట్టి తిండి పెట్టదు అని కూడా రాశాడు. ఆ జనవరి సాయంత్రం షికాగోలో ఆయన తన కోసమే ఎదురుచూస్తున్నాడంటూ బయలుదేరాడు. బయట రోడ్డు కనబడనంత మంచు! అర్లీన్ వాడి గది తలుపుకు బయట గడియ పెట్టింది. వాడు కిటికీలోంచి దూకి పికప్ బండి తీసుకుపోయాడు. శాగినా పట్టణం దాటాక వంతెన మీద బండి జారి నదిలో పడింది...

చనిపోయాక ఆ సందేశాలన్నీ కేడ్ చదివాడట. పాట కట్టాడు. పాటలో కొడుకు తలుపు బాదుతూ ఉంటాడు, "తలుపు తియ్యమ్మా, నా దేవుడు బయట నించున్నాడు" అని. అమ్మ వాణ్ణి బయటికి పోనివ్వని రాక్షసి. ఎవరో ఇల్లు కనిపెట్టారు. గరాజ్ మీద ఎర్రరంగుతో "హంతకురాలు" అని రాసిపోయారు. బడి వంటశాలలో పనిచేసే అర్లీన్ చేతి తిండి తినవద్దని కొందరు పిల్లలకు చెప్పారు. అన్నీ భరించింది. కానీ ఇప్పుడు... కన్నకూతురి చేతి మీదే ఆ మాట!

"శనివారం సంత మైదానంలో కేడ్ కచేరీ. నేను వెళ్తున్నాను. ఆపాలని చూడకు" అని బ్రిన్ విసురుగా బయటికి నడిచింది.

సంగతి తెలిసి అర్లీన్ అక్క పట్రీస్ పరుగెత్తుకొచ్చింది.

"ఒసే, నీకు మతి ఉందా? ఒకణ్ణి పోగొట్టుకున్నది చాలలేదా? కారు తాళాలు లాక్కో. గదిలో వేసి గడియ పెట్టు. నా మాట విను!"

"ఒకసారి పెట్టాను కదక్కా... గడియ" అంది అర్లీన్ నీరసంగా. "ఈసారి నేనూ దానితో వెళ్తాను."

"ఆ పాట వినడానికా? నీ మీద నువ్వు ఉమ్మేయించుకోవడానికా?"

"అది ఎక్కడికి పోతోందో నేను చూడాలి. వాడు పోయిన చోటికి నేను వెళ్ళలేదు. ఇంట్లో కూచుని తిట్టానంతే."

శనివారం మధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతోంది. సంత మైదానంలో వేదిక ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఎటు చూసినా మూసిన తలుపు బొమ్మ ఉన్న చొక్కాలే! సగం గొరిగిన తలలే! ఇంతమంది కోరీలా! బ్రిన్ తల్లికి రెండడుగుల దూరంలో, తనకేమీ కానట్టు నించుంది.

పక్కనున్న అమ్మాయికి ఇరవైయేళ్ళుంటాయేమో, ముఖం నిండా నవ్వు. "ఆంటీ, ఎండకి మీ మెడ కాలిపోతోంది, ఈ క్రీము రాసుకోండి" అంటూ తానే అర్లీన్ మెడకు రాసింది. "మీ వయసువాళ్ళు కూడా కేడ్ పాటలు వింటారంటే ఎంత ముచ్చటగా ఉందో! నీళ్ళు తాగుతారా? నేనైతే 'తలుపు' పాట రోజూ విని ఏడుస్తాను. ఆ తల్లి గనక నాకు దొరికిందంటేనా... ఈ చేతుల్తోనే పీక పిసికేస్తా. నిజం ఆంటీ!"

ఎంత ప్రేమగా రాసిందో అంత మామూలుగా అంది ఆ మాట! అర్లీన్ నీళ్ళ సీసా పట్టుకుని అలాగే ఉండిపోయింది. బ్రిన్ తల తిప్పి చూసింది. మొదటిసారి ఆ పిల్ల ముఖంలో రంగు మారింది.

అంతలో కేడ్ మైకు దగ్గరికి వచ్చాడు. గుండెమీద చెయ్యి వేసుకుని, గొంతులో తడి నింపుకుని, "ఈ పాట నా తమ్ముడికి. నా కోసం ప్రాణమిచ్చిన నా కోడీకి!" అన్నాడు.

కోడీ...!

వేలమంది "కోడీ! కోడీ!" అని అరిచారు. ఏడ్చారు. ఒకరినొకరు పట్టుకుని విలపించారు.

"కోరీ!" అని కేక పెట్టింది బ్రిన్. "కోడీ కాదు, కోరీ! మా అన్నయ్య పేరు కోరీ!"

"ష్! పాట చెడగొట్టకు" అని క్రీము రాసిన అమ్మాయి కసిరింది.

"వాడు మా అన్నయ్య అంటున్నాను! వీళ్ళెవరికీ పేరు కూడా తెలీదు! ఈవిడ... ఈవిడ మా అమ్మ!"

ఆ అమ్మాయి నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. అర్లీన్‌ను తేరిపార చూసింది. తర్వాత ఫోను ఎత్తింది. ఆమె పక్కవాడు ఎత్తాడు. వాడి పక్కవాడు ఎత్తాడు. "ఆవిడే! తలుపేసిన ఆవిడే!" ఎక్కడినుంచో చల్లటి సోడా ప్లాస్టిక్ గ్లాసు వచ్చి అర్లీన్ చెంపకు తగిలి పగిలింది. వెనకనుంచి ఎవరో జుట్టు పట్టి లాగారు. జనమంతా పిడికిళ్ళు గాలిలో బాదుతూ తలుపు తియ్యమ్మా, తలుపు తియ్యమ్మా అని హోరెత్తుతుంటే, బ్రిన్ తల్లి తలను తన రెండు చేతుల్లో పొదువుకుని, వీపు మీద దెబ్బలు తింటూ, దారి చేసుకుంటూ బయటికి లాక్కొచ్చింది.

కారులో కూచున్నాక బ్రిన్ చొక్కా అంచుతో తల్లి చెంప తుడిచింది. ఉన్నట్టుండి ఆ పిల్లకు ఏడుపు ముంచుకొచ్చింది.

"అమ్మా... ఆ పాట వింటే నాకెందుకు హాయిగా ఉండేదో చెప్పనా? అందులో తప్పంతా నీదే. వింటున్నంతసేపూ తప్పంతా నీదే... నాది కాదు."

"బ్రిన్, వద్దు."

"చెప్పనీ అమ్మా! ఆ రోజు నీ కోటు జేబులోంచి బండి తాళాలు తీసింది నేను. కిటికీ కిందికి వెళ్ళి ఇచ్చింది నేను! వాడు బతిమాలాడు. రేపే వచ్చేస్తానన్నాడు. నేను... నేను చంపానమ్మా అన్నయ్యని!"

అర్లీన్ కూతురి ముఖాన్ని దోసిట్లోకి తీసుకుంది.

"నాకు తెలుసు తల్లీ."

బ్రిన్ ఏడుపు ఆగిపోయింది.

"కిటికీ కింద మంచులో నీ బూట్ల జాడలున్నాయి. చిన్న జాడలు... వెనక తలుపు దాకా. పోలీసులు వచ్చేలోగా పార తీసుకుని చెరిపేశాను. తాళాలు ఎక్కడివని అడిగితే, నేనే బల్ల మీద మరిచిపోయానని చెప్పాను."

"నాలుగేళ్ళుగా... నీకు తెలిసే... ఊరంతా నిన్ను అంటుంటే..."

"నన్నంటే అననీ. పదమూడేళ్ళ పిల్లవి నువ్వు. నిన్నంటే నేను తట్టుకోగలనా? వాడి పేరెత్తితే నీ ముఖం పాలిపోయేది. ఎక్కడ నీ నోట ఆ మాట వస్తుందోనని ఫోటోలు తీసేశాను. ఆ ఊసే లేకపోతే మరిచిపోతావనుకున్నాను..." అర్లీన్ కూతురి చెయ్యి పట్టుకుంది. "నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నానే. నువ్వూ మోస్తున్నావని... నాకు తెలీలేదమ్మా!"

బ్రిన్ చంటిపిల్లలా తల్లి ఒళ్ళో ముఖం దాచుకుంది. అర్లీన్ ఆ గొరిగిన తల మీద చెయ్యివేసి నిమిరింది. నాలుగేళ్ళుగా గుండెలో బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు. కూతురి ముందు, కూతురితో కలిసి, వెక్కి వెక్కి... కోరీ పేరు పిలుస్తూ ఏడ్చింది.