చీమకుర్తి పట్టు

గుంటూరులో ఆ స్కానింగ్ గది గోడమీద పెద్ద బోర్డు ఉంది. కడుపులో బిడ్డ ఆడో మగో ఇక్కడ చెప్పబడదు, అడగడం నేరం అని. కోటేశ్వరి ట్రాక్ ప్యాంటు మోకాలిదాకా మడుచుకుని బల్లమీద బోర్లా పడుకోగానే నేను ఆ బోర్డు చూపించాను.

"చూశావా కోటీ, నీ మడమలో ఉన్నది ఆడపిల్లో మగపిల్లాడో మాత్రం చెప్పరంట."

"నోర్ముయ్యవే మహిమా," అంది దిండులోకి. నవ్వు ఆపుకుంటుంటే వీపు ఊగిపోతోంది.

మా దర్శి ఆడపిల్లల కబడ్డీ జట్టులో కూతకి వెళ్ళేది కోటేశ్వరి. నేను వచ్చినవాళ్ళని పట్టేదాన్ని. పట్టడానికి ఎవరూ లేనప్పుడు మావాళ్ళనే ఏడిపించేదాన్ని. రెండువేల ఎనిమిది ఎండాకాలం అది. వచ్చే నెలలో రైల్వే వాళ్ళ సెలక్షన్లు. అందులో నిలబడితే కోటికి ఉద్యోగం, వాళ్ళమ్మ బసవమ్మకి మిరపకోతల నుంచి విడుదల. కానీ చలికాలం నుంచి కోటి కుడి మడమ వెనక ఎవరో పట్టి లాగుతున్నట్టు నొప్పి. ఒంగోలు డాక్టరు కోసి చూద్దాం, ఆరు నెలలు ఆట మానెయ్ అన్నాడు. ఇక్కడి డాక్టరు నసీమున్నీసాగారు కత్తి అక్కర్లేదన్నారు.

"స్కాన్‌లో చూసుకుంటూ సన్నటి సూదితో ఉప్పునీరు పంపిస్తానమ్మా. నరం చుట్టూ పట్టుకున్న పొరలు విడిపోతాయి. సాయంత్రం నడుచుకుంటూ బస్సెక్కచ్చు."

ఆ నొప్పి ఎక్కడిదో మా ఇద్దరికీ తెలుసు. దాని గురించి మాట్లాడుకోం.

ఆ చలికాలంలో చీమకుర్తిలో మ్యాచ్. సున్నం గీతలు చెరిగిపోతాయని అక్కడివాళ్ళు రాయి కోసే యూనిట్ల దగ్గర పారేసిన గ్రానైట్ బద్దల్ని నేలలో పాతి, వాటినే గీతలనుకుంటారు. నేలకి సమానంగానే పాతారు. నడిగీత మాత్రం ఒకచోట బొటనవేలంత పైకి లేచింది. ఎవరూ పట్టించుకోలేదు.

వాళ్ళ జట్టులో మూల కాసే పిల్ల వీరమ్మ. క్వారీలో పనిచేసే వాళ్ళ కూతురు. కాలు దొరికితే వదలదు. ఆటకి ముందు కుళాయి దగ్గర నాతో, "నన్నూ ఒక్కసారి కూతకి పంపితే బాగుండు అక్కా. మా సారు నువ్వు పట్టుకోడానికే పుట్టావంటాడు," అంది.

"రావే, నిన్ను నేనే పడతా," అన్నాను.

"అయితే నీ దగ్గరికే వస్తా," అని నవ్వింది.

కోటి కూతకి వెళ్ళినప్పుడు వీరమ్మ కింద పడి దూకి కుడి మడమ పట్టేసింది. కోటి కూత ఆపకుండా ఆ పిల్లని నడిగీతదాకా ఈడ్చుకొచ్చింది. విడిపించుకోడానికి ఎడమకాలు విసిరింది. వీరమ్మ ముఖం తిరిగి, కణత వెళ్ళి ఆ లేచిన రాయికి తగిలింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. కోటి చెయ్యి గీత తాకింది. పాయింటు మాది.

విజిల్ వేశారు. వీరమ్మ పట్టు వదల్లేదు. కోటి కూడా కూత ఆపలేదు. బెదిరిపోయి, కళ్ళు తేలేసి, అలాగే కబడ్డీ కబడ్డీ అంటూ ఉండిపోయింది. అవతలివాళ్ళ కూత ఆగేదాకా పట్టు వదలకూడదు అన్నది మాకు మొదటి పాఠం. చనిపోయిన పిల్ల దాన్ని పాటిస్తుందని ఎవరనుకుంటారు? ఒక్కో వేలే విడదీశారు. చిటికెనవేలు రాలేదు. విరిచారు. అది అడ్డంగా నిలబడింది.

స్కానింగ్ గదిలో లైట్లు ఆర్పారు. బయట మిట్టమధ్యాహ్నం, లోపల నల్లటి చీకటి. ఏసీ గురగురమంటోంది. స్పిరిట్ వాసన. దాని వెనకే తలుపు సందులోంచి మిరపయార్డు ఘాటు వచ్చి గొంతులో కూర్చుంది. డాక్టరుగారు మడమమీద జెల్ పూసి, స్కాన్ పిడి ఆనించారు. తెరమీద బూడిదరంగు పొరలు కదిలాయి.

"ఈ తెల్లటి తాడే మడమ నరం," అన్నారు. పిడి కాస్త పక్కకి జరిపారు.

తాడు పక్కన వరసగా నాలుగు గుండ్రటి మెరుపులు. ఒక్కోదాని వెనక ఒక్కో నల్లటి నీడ. తాడుకి అవతలివైపు ఇంకొకటి, లావుగా.

"ఎముకకే ఇలా నీడ పడుతుంది," అని గొణుక్కున్నారు. "ఇక్కడ ఎముక ఎందుకుంటుంది..."

నేను నా పిడికిలి చూసుకున్నాను. వేళ్ళు ముడిచి, తెరవంక చూశాను. నాలుగూ ఒకవైపు. బొటనవేలు ఇంకోవైపు. నాలుగింటిలో చివరిది మిగతావాటిలా గుండ్రంగా లేదు. అడ్డంగా, పొడవుగా ఉంది.

బోర్డు మీద రాసింది ఎలా ఉన్నా, నాకు తెలిసిపోయింది. ఆడపిల్లే.

"మేడమ్, సూది వద్దు," అన్నాను గుసగుసగా.

అప్పటికే దింపేశారు. తెరమీద వెండిగీతలా సూది లోపలికి జారింది. కోటి బల్ల అంచు పట్టుకుంది. నొప్పి తట్టుకోవాలంటే దానికి తెలిసిన దారి ఒకటే. దిండులోకి మెల్లగా మొదలుపెట్టింది.

"కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ..."

తెరమీద నాలుగు మెరుపులూ దగ్గరికి జరిగాయి.

"కాలు బిగించకమ్మా."

బిగిస్తున్నది తను కాదన్నట్టు కోటి తల అడ్డంగా ఊపింది. కూత ఆగలేదు. సూది వంగింది. చర్మం లోపల. డాక్టరుగారు లాగారు... రాలేదు. కోటి పాదం దానంతట అది బల్ల చివరికి కదిలింది. వెనకాలే కోటి. ఎవరో ఈడుస్తున్నట్టు. గోళ్ళు రెక్సిన్‌ని చీల్చాయి. సూది పుటుక్కున విరిగింది. రక్తం జెల్‌లో కలిసి మడమ మీంచి తీగలా కారింది.

"కోటీ, కూత ఆపవే. ఆపితే వదులుతుంది."

అది నావైపు తిరిగింది. కళ్ళల్లో సెలక్షన్లే ఉన్నాయి. కూత ఆగితే అవుటు. పన్నెండేళ్ళ నుంచి దాని ఒంటికి తెలిసింది అదే. నేను చేత్తో దాని నోరు మూశాను. నా అరచెయ్యి కొరికింది, కండ ఊడేలా. ముక్కుతో అంటూనే ఉంది.

"...బడ్డీ... బడ్డీ..."

నాలుగు మెరుపులూ అవతలి దాన్ని తాకాయి. పిడికిలి మూసుకుంది.

ఎండిన పత్తికట్టెని మోకాలికేసి విరిచినట్టు ఒక చప్పుడు. తెరమీద తెల్లతాడు లేదు. పాదం పక్కకి వాలిపోయింది. ఎముకకి సంబంధం లేనట్టు.

అప్పుడు ఊపిరి పీల్చింది కోటి. పెద్దగా, బావిలోంచి చేదినట్టు. కూత ఆగింది.

మెరుపులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. చివరికి అడ్డంగా ఉన్నది. తెర ఖాళీ అయిపోయింది.

డాక్టరుగారు లైటు వేశారు. కోటి నోరు తెరుచుకుని, తెల్లగా పడి ఉంది. అది మళ్ళీ పరిగెత్తలేదు. ఇప్పటికీ మెట్టు ఎక్కాలంటే బసవమ్మ భుజం కావాలి.

కానీ ఆ గదిలో అప్పుడు మేము కోటిని చూడట్లేదు.

కబడ్డీ ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకవైపు కూత ఆగాక, అవతలివైపు వాళ్ళు రావాలి.

"ఎవరమ్మా అది?" అన్నారు డాక్టరుగారు.

బల్ల కాళ్ళ దగ్గర్నుంచి వస్తోంది. సన్నగా. ఎప్పుడూ కూతకి వెళ్ళనివాళ్ళు మొదటిసారి అన్నట్టు, తడబడుతూ...

"కబడ్డీ... కబడ్డీ..."

నేను కిందికి చూశాను. టైల్స్ మీద జెల్, రక్తం కలిసిన తడి అడుగులు. చిన్న పాదాలు. బల్ల దగ్గర మొదలై, ఒకటి తర్వాత ఒకటి, నావైపు. ఆఖరిది నా కాలివేళ్ళకి జానెడు దూరంలో.

తాకినవాళ్ళు వెనక్కి వెళ్ళాలి. అది ఆట.

వచ్చిన అడుగులే ఉన్నాయి. వెళ్ళినవి లేవు.