పిలిస్తే పలికే కణం

“క్యాన్సరంటారు, మందు మాత్రం లేదంటారు! ఇదెక్కడి అన్యాయం తల్లోయ్!”

తెనాలి రైలు దిగి, రేపల్లెలో ఇంటి గుమ్మం తొక్కగానే కోటిరత్నం కూలబడిపోయింది. దారి పొడుగునా పళ్ళ బిగువున ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది! తెనాలిలో డాక్టర్ మాధురి నెమ్మదిగానే చెప్పింది. భర్త బాపయ్య రక్తంలో తెల్లకణాల్లో ఒక రకం దారి తప్పి పెరుగుతోందట... నిదానంగా నడిచే జబ్బట... అవసరం వచ్చేదాకా పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉంటే చాలట! కోటిరత్నానికి ఆ మాట మింగుడు పడలేదు. మందు లేదంటే ఆశ లేదనే కదా! సరే, డాక్టరు ఇవ్వని మందు తన చేతుల్తో తనే ఇస్తానని నడుం బిగించింది.

నిజాంపట్నంలో బాపయ్యకి భాగమున్న పడవ ఒకటుంది. మంచాన పడ్డవాడి ఇంటికి కూర చేపలు పంపడం ఆ పడవ వాళ్ళ ఆచారం. నిజానికి బాపయ్య మంచాన పడలేదు. చేపలు రావడం మొదలయ్యాక పడ్డాడు! బాపట్ల నుంచి అతని అక్క కోటేశ్వరమ్మ కూడా దిగింది.

“తమ్ముడూ... చిక్కి సగమైపోయావురా!” అని కళ్ళొత్తుకుంటూనే, “మరదలా, ఆ పండుగప్ప పులుసు వాడికింకో గరిటె వెయ్యి. నాకూ వెయ్యి, ఏడ్చి ఏడ్చి నీరసంగా ఉంది” అనేది.

కోటిరత్నం బజారులో చేపలమ్మడం మానేసింది. తోమడం, వండడం, వచ్చినవాళ్ళకి వడ్డించడం, చివరికి గిన్నె అడుగున మిగిలిన పులుసులో ఇంత అన్నం కలుపుకోవడం... ఈలోగా “రత్నం...” అని కేక! పరిగెత్తుకెళితే, టీవీ రిమోట్ అతని కాలి దగ్గరే ఉంది, అందివ్వాలి. మళ్ళీ “రత్నం...” ఫ్యాను తగ్గించాలి. ఒళ్ళు హూనమవుతున్నా ఆమెకి కోపం రాలేదు. పొయ్యి దగ్గర ఒంటరిగా కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చిందో! ఆ గొంతు అలా పిలుస్తున్నంత కాలం తనకి భయం లేదు... ఆ పిలుపు ఆగిన రోజున?

పరీక్షలకి మళ్ళీ తెనాలి వెళ్ళారు. కోటేశ్వరమ్మ కూడా బయల్దేరింది. డాక్టర్ మాధురి కాగితాలు చూసింది. “కణాలు పెద్దగా పెరగలేదు. బరువు మాత్రం బాగా పెరిగారు బాపయ్య గారూ!” అని నవ్వి, కోటిరత్నం కనురెప్ప కిందికి లాగి చూసింది. ఆ నవ్వు ఆగిపోయింది. “ఏంటమ్మా, ఇలా పాలిపోయావు? రక్తం బొత్తిగా ఉన్నట్టు లేదు!”

“నా సంగతి వదిలెయ్యండమ్మా. ఈయన ఒంట్లో మంచి కణాలే లేవా? అవన్నీ ఏం చేస్తన్నాయండీ?” అని బావురుమంది కోటిరత్నం.

“ఉన్నాయమ్మా. సాయం చేసే కణాలని ఒక రకం ఉన్నాయి. తోటి కణాలు పిలిస్తే అండగా నిలబడటం వాటి పని. ఈ జబ్బులో దారి తప్పిన కణం కూడా వాటినే పిలుస్తుంది. పాపం, మనవాడే కదా అని ఇవి వెళ్ళి సాయం చేస్తాయి. దాంతో అది చావకుండా బలుస్తుంది. చేసీ చేసీ వీటికి సత్తువ పోతుంది. తీరా ఏ జ్వరమో వచ్చి నిజంగా పోరాడాల్సి వస్తే వీటికి ఓపిక ఉండదు.”

బాపయ్య తన పొట్ట వంక చూసుకున్నాడు. తర్వాత భార్య పాలిపోయిన మొహం వంక చూశాడు. కోటేశ్వరమ్మ ఎందుకో గోడ మీది క్యాలెండరు చదవసాగింది.

“అందులో వాటి తప్పేముందండీ డాక్టరమ్మా!” అంది కోటిరత్నం. “సొంతవాళ్ళు పిలిస్తే... పోకుండా ఎట్టా ఉంటాయండీ!”

“తప్పు కాదమ్మా, వాటి స్వభావమే అంత. అవసరం పడినరోజు ఆ పిలుపులు సాగనివ్వని మందులున్నాయిలే. ఇప్పుడైతే ఇద్దరూ వేళకి తిని, తిరగండి” అని, కోటిరత్నానికే రక్తం పట్టే బిళ్ళలు రాసిచ్చింది.

తిరుగు రైల్లో సంచీ బాపయ్యే మోశాడు. కోటేశ్వరమ్మ ఇంట్లో పనులు గుర్తొచ్చాయని తెనాలిలోనే బాపట్ల బస్సెక్కింది. ఇంటికి రాగానే బాపయ్య అలవాటుగా మంచం మీద వాలాడు. కోటిరత్నం లోపలి గదిలో నడుం వాల్చింది.

“రత్...”

పిలుపు సగంలో తెగిపోయింది! కోటిరత్నం గుండె ఝల్లుమంది. ఆయనకేమైంది...! లేవబోయింది. అంతలో వంటింట్లో గిన్నెలు దబదబా కింద పడ్డాయి.

“గ్లాసులెక్కడ పెట్టావే?”

పరిగెత్తబోయిన కాళ్ళని ఆపుకోవడానికి మంచంపట్టె రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. పలకలేదు. అలా కూర్చోవడం ఆమెకి చేపలు తోమడం కంటే కష్టమైంది!

కాసేపటికి బాపయ్య వచ్చాడు. గ్లాసు దొరకలేదేమో, పులుసు గిన్నెలో నీళ్ళు పట్టుకొచ్చాడు. రెండో చేతిలో ఆమె బిళ్ళ ఉంది.

“ముందు నువ్వు మింగవే. నన్నింకా చాలా ఏళ్ళు తిట్టాలి నువ్వు...” అంటూ గిన్నె ఆమె చేతికిచ్చాడు.

నీళ్ళు చేప వాసన కొడుతున్నాయి. కోటిరత్నం ఏడుస్తూనే గిన్నె మొత్తం తాగేసింది.