అంచున దాగిన బరువు

డిటెక్టివు ఆఫీసులో కాపలాదారు కుర్చీ చివర కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. మాట్లాడేది అతని భార్య.

“మా ఆయనకు నోట్లో నాలుక లేదండీ. వెండి సామాన్ల కార్ఖానాలో గేటు కాస్తాడు. నిన్న లావుపాటి వెండి తీగ చుట్ట పోయింది. సాయంత్రంలోగా దొరక్కపోతే ఉద్యోగం మానుకోమన్నారు యజమానిగారు.”

“సరుకు తోసే బండ్లు తూచకుండా వదిలావా?” కాపలాదారును అడిగాడు డిటెక్టివు. ఒకప్పుడు ధాన్యం కొట్టు నడిపినవాడు. ఏ మాటనైనా గింజలా కొరికి చూస్తాడు.

“లేదు సార్. ఉన్న రెండూ జత బండ్లు, రంగే తేడా. వస్తూ పోతూ కాటా ఎక్కాల్సిందే. పిసరు తేడా లేదు.”

అసిస్టెంటునూ ఆ దంపతులనూ వెంటబెట్టుకుని డిటెక్టివు కార్ఖానాకు వెళ్లాడు. ముందు బండి తోసేవాణ్ణి పలకరించాడు.

“ఎర్ర బండి మా అత్తగారిలా తయారైంది సార్, ఇవాళ పొద్దుట్నుంచీ! కదలమంటే కదలదు, కదిలాక ఆగమంటే ఆగదు.”

“నూనె పెట్టాను, ఇరుసు సాఫీగానే ఉంది. నా తప్పేం లేదు,” అన్నాడు చక్రాలు చూసే ఫిట్టరు.

తూకందారు నవ్వాడు. “వాడి బద్ధకం సార్. రాత్రి రెండు బండ్లూ నా కాటా గదిలోనే పెట్టి తాళం వేశాను. పొద్దున్నే తూచాను. కాటా అబద్ధమాడదు.”

డిటెక్టివు అందరినీ సరుకు దించే వాలు దగ్గరకు పిలిచాడు. ఖాళీ బండ్లు రెండింటినీ పైనుంచి ఒకేసారి వదలమన్నాడు.

“కలిసే వస్తాయి, పందెం!” అన్నాడు తూకందారు.

ఎర్ర బండి మూరెడు వెనకబడింది.

“బరువొకటే, వాలొకటే. మరి ఇదేంటి సార్?” అసిస్టెంటు నోరు తెరిచాడు.

“చక్రానికి రెండు ఖర్చులు. ముందుకు పోవడానికొకటి, తన చుట్టూ తాను తిరగడానికొకటి. ఇరుసు దగ్గరి బరువు తిరగడానికి దాదాపు ఏమీ అడగదు. అంచున ఉన్న బరువు మాత్రం పోవడానికెంతో తిరగడానికీ అంతే పుచ్చుకుంటుంది. వాలు ఇచ్చే శక్తి రెండు బండ్లకూ ఒకటే. ఎర్ర బండిది తిరగడానికే ఎక్కువ పోయింది, పరుగుకు తక్కువ మిగిలింది. ఆపేటప్పుడు ఆ తిరుగుడంతా తోసేవాడి చేతుల మీద పడింది. దాని చక్రాల రబ్బరు పట్టీ విప్పండి.”

ఫిట్టరు విప్పాడు. చక్రం గాడిలో వెండి తీగ తళతళలాడింది. ఇరుసు పక్క మూత తీస్తే, లోపల ఉండాల్సిన ఇనప బిళ్ళలు మాయం.

“వెండి ఎంతో అంత బరువు ఇనుము తీసేసి కాటాను సరిపెట్టారు. ఫిట్టరు చేసుంటే వెండిని ఇరుసు దగ్గరే దాచేవాడు. చక్రం సంగతి అతనికి తెలుసు. బరువెక్కడున్నా ఒకటే అనుకునేవాడు కాటా తప్ప మరోటి ఎరగనివాడే. రాత్రి బండి ఉన్నదీ అతని తాళం కిందే.”

తూకందారు తల వంచుకున్నాడు. “బండి ఈ సాయంత్రం బజారుకు పోతుందిగదా అని...” గొణిగాడు.

యజమాని కాపలాదారు భుజం తట్టాడు. “తప్పు నాది. రేపట్నుంచి పనిలోకి రావయ్యా.”

“రేపటిదాకా ఎందుకండీ?” అంది భార్య. “అందరూ ఇక్కడే ఉన్నారు, అక్కడ గేటు బార్లా తెరిచుంది!”

కాపలాదారు ఒక్క పరుగు తీశాడు.