పదిహేడో పాఠం

ఆ సంగీతం బడిలో పై అంతస్తు చివరి గది పేరెత్తితే చాలు, అందరికీ హడల్. చీకటి పడ్డాక అటు వెళ్లమంటే వాచ్‌మన్‌కి ఉన్నట్టుండి మోకాళ్ల నొప్పులు మొదలయ్యేవట.

ఆ గదిలో ఉన్నది మాస్టారి పియానో. నలభై ఏళ్లు దాని ముందే కూర్చుని, పిల్లల చిట్టి వేళ్లకు అందే పాఠాలు రాశారాయన. ఆయన పోయి ఆరు నెలలైంది. పియానో మాత్రం ఊరుకోలేదు... వారానికి రెండు రాత్రులైనా మోగేది!

"దెయ్యమని తెలిస్తే పిల్లల్నెవరు పంపిస్తారు? రేపే దాన్ని బయటికి పంపించేస్తా," అంది ప్రిన్సిపాల్.

చిన్న టీచరుకి గుండె గతుక్కుమంది. ఆ పియానో మెట్ల మీదే మాస్టారు ఆమెకు ఓనమాలు దిద్దించారు. అది పోతే ఆయన రెండోసారి పోయినట్టే.

"ఈ రాత్రి నేను చూసొస్తానండీ," అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది.

రాత్రి ఎనిమిదిన్నర. ఒక్కో మెట్టూ ఎక్కుతోంది... పైనుంచి వినబడింది.

మాస్టారు రాసిన పదిహేడో పాఠం!

గోడ పట్టుకుని అక్కడే ఆగిపోయింది. అంతలో — తప్పు. బొటనవేలిని మధ్యవేలి కిందనుంచి దాటించాల్సిన చోట. మళ్లీ మొదటికొచ్చింది... మళ్లీ అక్కడే తప్పు.

భయం పోయి ఆమెకు ఒళ్లు మండింది. మాస్టారు చచ్చినా తప్పు వాయించరు! తలుపు తోసింది.

దీపం పక్కన మాస్టారి భార్య, బిక్కమొహం వేసుకుని.

"అమ్మగారూ... మీరా!"

"ఎవరికీ చెప్పకు తల్లీ," గుసగుసలాడిందామె. "ఊరందరికీ నేర్పారు. నాకు మాత్రం 'రేపు, రేపు' అంటూనే పోయారు. ఈ వయసులో పగలు వాయిస్తే నవ్వరూ? రేపు దీన్ని పంపించేస్తారట... ఒక్క పాఠమైనా పూర్తి చేద్దామని..."

చిన్న టీచరుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఇదెక్కడికీ పోదు. ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాగా! బొటనవేలు కిందనుంచి దాటించి... మళ్లీ వాయించండి."

అమ్మగారి కుడిపక్కన నిలబడి, ఆ బొటనవేలినే కళ్లప్పగించి చూసింది. కష్టమైన చోట పాట నెమ్మదించింది. కింది స్వరాలు ఓపిగ్గా ఆగాయి... బొటనవేలు దాటింది!

"భలే! అమ్మగారూ, ఎడమ చెయ్యి మరీ బాగుందండీ!"

అమ్మగారు సిగ్గుగా నవ్వింది. ఆమె ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది.

"అది నాకెక్కడొచ్చమ్మా? ఆయన వాయిస్తారు."