కాచని పాలు

ఆ ఇంట్లో పొద్దు పాలవాసనతోనే మొదలవుతుంది. అత్తగారు లేచి మొహం కడుక్కుని, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పాలు పొయ్యి మీద పెట్టి, గరిటె పట్టుకుని పక్కనే నిలబడుతుంది. ఒక పొంగుతో ఆవిడకు తృప్తి ఉండదు. దించి, చల్లార్చి, మళ్ళీ పొంగిస్తే తప్ప వాటిని పాలని ఒప్పుకోదు.

ఆ వాసన వంటింట్లోంచి మెల్లగా జారి, నడవ దాటి, పడకగది తలుపు కిందనుంచి లోపలికి వచ్చేసరికి పిట్ట దుప్పటి ముక్కుదాకా లాక్కుంటుంది. పెళ్ళైన కొత్తలో సన్నగా, అదాటున ఉలిక్కిపడుతూ ఉండేదని మొగుడు పెట్టిన పేరది. ఇప్పుడు ఏడో నెల. నడిస్తే నేల కదులుతున్నట్టుంటుంది గాని పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

"అమ్మాయ్, పాలు తెచ్చాను. వేడివేడిగా తాగెయ్."

గ్లాసు మీద మీగడ ముడతలు పడి తేలుతుంటే పిట్ట ఊపిరి బిగబట్టింది. అయినా నవ్వుతూ అందుకుంది. అత్తగారు అటు తిరగ్గానే మొగుడు వచ్చి, గ్లాసు గటగటా ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాడు.

"అమ్మయ్య, మళ్ళీ తాగేసిందనుకుంటుంది" అన్నాడు గుసగుసగా.

"ఎన్నాళ్ళండీ ఈ దొంగాట? అత్తయ్యతో వాసన పడట్లేదని చెప్పేస్తే పోదూ?"

"చెప్పి చూడు. నా చేతి పాలు కంపు కొడుతున్నాయా అని వారం రోజులు మూతి ముడుచుకుంటుంది. నీకు చల్లటివి ఉన్నాయిగా."

అతను ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ముందుగదే అతని వర్క్‌షాపు. గోడల పొడుగునా తలుపులు తీసేసిన ఫ్రిజ్‌లు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉంటాయి. వాటి మధ్య బుల్లి ఫ్రిజ్ ఒకటి మాత్రం పనిచేస్తూ, నిద్రలో పిల్లాడు మూలిగినట్టు సన్నగా మోగుతుంటుంది. ఊరి చివర పశువులశాలలో పాలు చల్లబరిచే ట్యాంకు రిపేరు చేసొచ్చినప్పటినుంచి, అక్కడివాళ్ళు అభిమానంగా ఇచ్చే పచ్చిపాల సీసా అందులో పెడుతున్నాడు. పిండగానే ట్యాంకులో పడతాయి, మనిషి చెయ్యి తగలదు అంటాడు.

"చూడు, ముల్లు నాలుగు దాటలేదు" అని లోపల వేలాడే థర్మామీటరు చూపించేవాడు. "ఈ చలిలో ఏ క్రిమీ బతకదు. కాచడాలు, పొంగించడాలు ఫ్రిజ్ లేని రోజుల సంగతి."

పిట్టకు చదువు మధ్యలో ఆగిపోయింది. మొగుడు చలి గురించి చెబుతుంటే వేదం విన్నట్టు వినేది. పాలు కూడా అంత బాగుండేవి మరి. తెల్లగా, చల్లగా, గొంతులోంచి వెన్నెల దిగుతున్నట్టు.

ఒకరోజు ఆ పాలు కూడా సయించలేదు. నడుము లాగేస్తోంది. ఒళ్ళంతా ఎవరో బట్టల్లా ఉతికేసినట్టుంది. అత్తగారు నుదుటి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది.

"ఒళ్ళు పెనంలా ఉందేమిటే?"

"ఫ్లూ అయ్యుంటుందమ్మా, ఊరంతా ఉంది" అన్నాడు కొడుకు. జ్వరం బిళ్ళ వేశారు. తగ్గినట్టే తగ్గి, మర్నాటికి మళ్ళీ ఎగబాకింది.

జ్వరంలో పిట్టకు గోడలు మెత్తబడ్డాయి. కిటికీ తెర ఊగితే గది మొత్తం పడవలా ఊగింది. ఎక్కడో తెల్లటి నీళ్ళల్లో తను వెల్లకిలా తేలుతోంది. కడుపులో ఉన్నది కూడా తనతో పాటు తేలుతోంది గాని, ఎప్పటిలా కాలు విసరడం లేదు. ఆ సంగతి మనసుకు తట్టేసరికి నీళ్ళూ పడవా అన్నీ పోయి మంచం మిగిలింది.

"అత్తయ్యా, లోపల కదలడం లేదు."

అత్తగారు పొయ్యి ఆర్పిందో లేదో కూడా చూసుకోకుండా, చెప్పులు వేసుకుని ఆటో పిలవడానికి వీధిలోకి పరుగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్ట చుట్టూ పట్టీ బిగించింది. దానికి తగిలించిన పెట్టెలోంచి గుర్రం దౌడు లాంటి చప్పుడు వినపడగానే ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"గుండె కొట్టుకుంటోంది, కాని ఉండాల్సిన దానికన్నా వేగంగా" అందావిడ. "కల్చర్‌కి రక్తం పంపిస్తున్నాను. అందులో ఏ క్రిమి ఉందో పెరిగి తేలడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. ఈలోగా ఒక మాట అడగాలి. ఈమధ్య కాచని పాలు గాని, మెత్తటి చీజ్ గాని, ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చెయ్యకుండా ఏమైనా గాని తీసుకుందా?"

"మా ఇంట్లోనా?" అత్తగారు నవ్వినంత పని చేసింది. "పొంగని పాలు మా గడప తొక్కవు డాక్టరమ్మా. వీడి తండ్రి ఉన్నప్పటి నుంచీ అంతే."

"అలాగైతే మామూలు వైరల్ జ్వరమే కావచ్చు. రిపోర్టు వచ్చాక చూద్దాం."

పిట్ట మొగుడి వంక చూసింది. అతను గోడకున్న మంటలార్పే సిలిండరు మీది అక్షరాలు చదువుతున్నాడు. ఒక్కమాట అంటే చాలు. అతను అనడం లేదు. అంటే తల్లి ముందు, తను అంతకాలం నమ్మిన చలి ముందు దోషిలా నిలబడాలి. గుర్రం దౌడు తీస్తూనే ఉంది. ఆ చప్పుడు పిట్ట లోపలినుంచి వస్తోంది. దానికి మాట్లాడడం రాదు.

"తాగాను" అంది పిట్ట. "పచ్చిపాలు. ఫ్రిజ్‌లోవి. రోజూ."



"నేనే తెచ్చాను" అన్నాడు మొగుడు నేల చూస్తూ. "చల్లగానే ఉంచానండీ. నాలుగు దాటనివ్వలేదు."

డాక్టరమ్మ విసుక్కోలేదు. "చలికి చాలా క్రిములు పడుకుంటాయి. లిస్టీరియా అని ఒకటుంది, అది పడుకోదు. మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. తల్లికి ఉత్త జ్వరంలాగే ఉంటుంది. మాయ దాటి లోపలికి పోతే బిడ్డకే ప్రమాదం. మందు ఉంది. పెన్సిలిన్ గాని, ఆ జాతి మందులు గాని ఎప్పుడైనా పడకపోవడం జరిగిందా అమ్మా? లేదుగా. అయితే రిపోర్టు కోసం ఆగను. ఆంపిసిలిన్ ఇప్పుడే ఎక్కిస్తాను."

నర్సు సూది గుచ్చి వెళ్ళాక అత్తగారు కొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

"నా చేతి పాలు ఏం చేశాయిరా?"

"ఆ వాసన దానికి పడట్లేదమ్మా. చెబితే నువ్వు నొచ్చుకుంటావని..."

"నొచ్చుకునేదాన్ని. మూతి ముడుచుకునేదాన్ని. అంతేగా? మూతి ముడిస్తే మళ్ళీ విప్పుకుంటానుగా. బిడ్డ కంటే నా మూతి ఎక్కువైపోయిందా మీ ఇద్దరికీ?"

అతను గోడకు ఆనుకుని, అలాగే కిందికి జారి కూర్చున్నాడు. చేతుల్లో మొహం దాచుకున్నాడు. అత్తగారు పిట్ట మంచం పక్కకొచ్చి, చీర కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అంత బూచిలా ఉంటానటే నీకు?"

పిట్ట ఆవిడ కొంగు అంచు పట్టుకుంది. కళ్ళు మూతలు పడ్డాయి. మందు చుక్కలు చుక్కలుగా దిగుతుంటే, ఎవరో తెల్లటి నీళ్ళలోంచి తనను మెల్లగా ఒడ్డుకు లాగుతున్నట్టనిపించింది.

రక్తంలో లిస్టీరియా పెరిగిందని రిపోర్టు వచ్చింది. అప్పటికే జ్వరం దిగడం మొదలైంది. "అనుమానం రాగానే మొదలెట్టాం కాబట్టి సరిపోయింది" అంది డాక్టరమ్మ. రెండు వారాలు ఆ మంచం మీదే ఉండాలంది. బిడ్డ పుట్టాక కూడా పరీక్షలు చేయించాలంది.

లోపల బిడ్డ కాళ్ళు విసరడం మళ్ళీ మొదలైన సాయంత్రం అత్తగారు స్టూలు దగ్గరికి లాక్కుంది.

"ఇంకా నీకు ఏమేం పడవో చెప్పు. ఇప్పుడే అన్నీ కక్కెయ్."

"వద్దు లెండి అత్తయ్యా."

"చెప్పవే. అలిగితే ఎక్కడికి పోతాను, ఈ వేళప్పుడు బస్సులు కూడా లేవు."

పిట్ట సందేహిస్తూనే మొదలెట్టింది. కిటికీలు మూసేస్తే ఊపిరాడదంది. తను మడిచిన బట్టలు మళ్ళీ విప్పి మడిస్తే ఏడుపొస్తుందంది. అత్తగారు తల ఊపుతూ విన్నది. మడత సంగతి దగ్గర మాత్రం మూతి కాస్త ముడుచుకోబోయి, గుర్తొచ్చి ఆగిపోయింది. అది చూసి పిట్ట నవ్వింది. చాలా రోజులకు పెద్దగా నవ్వింది. కుర్చీలో కునుకుతున్న మొగుడు లేచి, ఏమైందేమైందని కంగారుపడ్డాడు.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. రక్తం తీసి చూశారు. శుభ్రంగా ఉందన్నారు. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే మొగుడు అందరి ముందే ఏడ్చేశాడు.

నర్సు పాపను పొత్తిళ్ళలో చుట్టి తెచ్చింది. అత్తగారు ఆత్రంగా లేచి రెండు చేతులూ చాచింది. చాచి, ఆగింది. ఆ ఇంట్లో ఏ వస్తువు తీసుకోవడానికీ, ఏ తలుపు తోయడానికీ ఏనాడూ ఎవర్నీ అడగని మనిషి కోడలి వైపు తిరిగింది.

"ఎత్తుకోనా?"

పిట్ట పొత్తిళ్ళ వంక చూసింది. ఈసారి నిజమే చెప్పింది.

"కాసేపాగండి అత్తయ్యా. నేనింకా కళ్ళారా చూసుకోలేదు."

"అలాగే అమ్మాయ్" అంది అత్తగారు. మూతి ముడుచుకోలేదు. నర్సును కళ్ళతోనే మంచం వైపు పంపి, స్టూలు మీద కూర్చుని, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని తన వంతు కోసం ఎదురు చూసింది.