దేవిడీ కొలత గాజు

అది 1938వ సంవత్సరం. వానాకాలం. మూసీ ఎర్రగా పారుతున్న రోజులు.

లాడ్ బజార్ వెనక సందులో అన్నీ లక్క గాజులు చేసేవాళ్ల ఇళ్లే. పొద్దున లేస్తే బొగ్గుల పొగ, కాగిన లక్క వాసన. ఆ సందు మొగలో ఒక సాయంత్రం మోటారు ఆగింది. పిల్లలు ఎగబడ్డారు. మోటారులోంచి నవాబుల దేవిడీలో పనిచేసే ముసలి దాసి దిగింది. ఆమె చేతిలో ఎర్ర మఖ్మల్ గుడ్డ, గుడ్డలో ఒక లక్క గాజు.

దేవిడీ చిన్న నవాబుకు పిల్లను వెతుకుతున్నారు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆ గాజు ఎవరి చేతికి ఎక్కితే ఆ పిల్లే కోడలు. సన్నని చెయ్యి గొప్పింటి చెయ్యట. పని చేసిన చెయ్యి వెడల్పవుతుంది, అది వాళ్లకు పనికిరాదు. వాళ్ల ఒంటిమీది రాళ్ల గాజులన్నీ ఆ వెడల్పు చేతులు చేసినవేనని మాత్రం ఎవరికీ గుర్తు రాదు. తూ! ఆ మోటారును చూసి నోళ్లు తెరిచిన బస్తీకీ గుర్తు రాలేదు.

గొప్పిళ్లలో ఏ పిల్ల చేతికీ ఆ గాజు ఎక్కలేదట. దాసి నేరుగా గాజులు చేసే ఖుద్సియా ఇంటికి వచ్చింది. గాజులు తొడగడానికి ఖదీజాను పిలిపించారు. ఆ బస్తీలో పెళ్లికూతుళ్లందరికీ గాజులు తొడిగింది ఖదీజాయే. ఆమె పనికి ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడం మొదలైన గాజును వెనక్కి తీయకూడదు. తీస్తే పెళ్లి విరుగుతుందని నమ్మకం.

ఖుద్సియా బిడ్డ జాహెదా. తండ్రి పోయాక ఆ ఇంటి కొలిమి నడిపేది ఆమే. లక్క సాగదీయాలన్నా, రాళ్లు పొదగాలన్నా ఆ సందులో ఆమె తర్వాతే ఎవరైనా. కుడి బొటనవేలి మీద నెలవంక లాంటి కాలిన మచ్చ. వేడి లక్క పడి ఉబ్బిన మచ్చ అది.

"ఖాలా, నా చెయ్యి చూసినవా? రోకలి లెక్కుంది. దీనికి గాజేంది, బిందె మూతి కావాలె," అని ఖదీజాను చూసి నవ్వింది జాహెదా.

"నోరు ముయ్యే," అంది ఖుద్సియా. "మోటార్ల తిరుగుతవు. కరెంటు దీపాల కింద కూసుంటవు. ఈ బస్తీ మొత్తం కుళ్లి చావాలె."

"నాకు కొలిమి ముందే మంచిగుంటది అమ్మీ."

"కొలిమి ముందు కూసున్నదాన్ని ఎవడు చూస్తడే?"

గుమ్మంలో మూగిన ఆడవాళ్లు అందుకున్నారు. "కాళ్లకాడికి వచ్చిన నసీబును తంతవా పిల్లా? మా బిడ్డలకైతే వంద సార్లు తొడుగుదుము!"

ఖదీజా మఖ్మల్ విప్పింది. గులాబీ అత్తరు గుప్పుమంది. దాని అడుగున ఇంకో వాసన... శవాన్ని కడిగేటప్పుడు కలిపే కర్పూరం వాసన. గాజు వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరి చేతి నుంచో తీసినట్టు.

"ఇదివరకు ఎవరు తొడుక్కున్నరు?" అని అడిగింది.

"పెద్ద కోడలు," అంది దాసి.

"ఆమె ఏది?"

"సన్నగ ఉండె. మస్తు సన్నగ ఉండె," అంది దాసి. అంతే.

బయట వాన పట్టింది. లాంతరు వెలిగించారు. జాహెదా చేతికి సబ్బు నురగ పూసి, పైన పల్చటి మల్లు గుడ్డ కప్పి, ఖదీజా ఒత్తడం మొదలుపెట్టింది. గాజు కణుపుల దగ్గర ఆగిపోయింది. ఇక ఎక్కదు. ఆ మాట చెప్పబోయింది.

అప్పుడు గుడ్డ కింద ఏదో కదిలింది.

గాజుకు అవతలి వైపు నుంచి... వేళ్లు. సన్నని వేళ్లు. చల్లగా ఖదీజా వేళ్లను రాసుకుంటూ పోయి జాహెదా వేళ్లను పట్టుకున్నాయి.

"ఖాలా..." జాహెదా గొంతు తగ్గింది. "నువ్వు గుంజుతున్నవా?"

"లేదు బిడ్డా. నేను ఒత్తుతున్న."

"మరి... గుంజుతున్నది ఎవరు?"

ఖదీజా ఒత్తడం ఆపింది.

"తియ్యి ఖాలా... తియ్యి..."

"తియ్యొద్దు!" ఖుద్సియా అరిచింది. "ఎక్కిన గాజు ఎనక్కి రావద్దు!" గుమ్మం మొత్తం అదే మాట. తియ్యొద్దు. తియ్యొద్దు.

ఖదీజా తీయలేదు. ఒత్తింది. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. గాజు మణికట్టుకు చేరింది. జాహెదా కేక ఆడవాళ్ల ముబారక్‌ల కింద మునిగిపోయింది. గుడ్డ ఎత్తి చూస్తే అవతల ఎవరూ లేరు. జాహెదా వేళ్ల మీద మాత్రం నాలుగు నీలి గీతలు.

మర్నాడు ఖదీజా గాజు పగలగొట్టడానికి రాయి పట్టుకొని వచ్చింది. జాహెదా వేళ్లు వంకాయల్లా నల్లబడ్డాయి. ఖుద్సియా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"జుమ్మా నాడు దేవిడీ బేగంలు చూడ వస్తరు. అప్పటిదాక ఆగు. గాజు పగిలితే సంబంధం పగిలినట్టే."

"బిడ్డ చెయ్యి కుళ్లుతున్నదే, కండ్లు పోయినయా!"

"దేవిడీల పని చేసేదుందా? చెయ్యెందుకు?"

శుక్రవారం వచ్చింది. మోటారు వచ్చింది. బేగంలు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకొని గుమ్మం నుంచే తిరిగిపోయారు. దాసి మాత్రం ఆగి అరచెయ్యి చాచింది. ఎవరూ ముట్టకుండానే గాజు జాహెదా మణికట్టు మీంచి జారి ఆ చేతిలో పడింది.

మళ్లీ ఎండాకాలంలో కిషన్‌బాగ్‌లో ఒక ఇంటికి రమ్మని ఖదీజాకు కబురు వచ్చింది. ఎవరి గాజో చెప్పలేదు. వెళ్లేసరికి ఒక పిల్ల చేతికి సబ్బు పూసి గుడ్డ కప్పి ఉంచారు. తల్లి తొందరపడి గాజును కణుపుల దాకా ఎక్కించేసింది. పక్కన ఎర్ర మఖ్మల్. పక్కన ఆ దాసి.

"ఎవరో గుంజుతున్నరు," అని పిల్ల ఏడుస్తోంది.

ఖదీజా గుడ్డ కింద చెయ్యి పెట్టింది. సన్నని వేళ్లు ఉన్నాయి... లాగుతున్నాయి. వాటి పక్కన ఇంకో చెయ్యి ఉంది. వెడల్పు చెయ్యి. అది లాగడం లేదు. పిల్ల చేతిని వెనక్కి నెడుతోంది. మొండిగా, బలంగా. ఖదీజా దాని బొటనవేలు తడిమింది. నెలవంకలా ఉబ్బిన మచ్చ తగిలింది.

"తియ్యొద్దు!" అని ఇంటి ఆడవాళ్లు అరిచారు.

"మీ నోళ్ల మన్నుబడ!" అంది ఖదీజా. ఆ చేతితో కలిసి నెట్టింది. గాజు ఊడి నేల మీద పడింది. పగల్లేదు. దాసి దాన్ని మఖ్మల్‌లో చుట్టుకొని మోటారెక్కింది. మోటారు పక్క సందుకు మళ్లింది.

జాహెదా కుడిచేతిని ఆసుపత్రిలో మణికట్టు పైన కోసి, పాతిపెట్టి అప్పటికి ఒక చలికాలం గడిచింది.